గాలాపగోస్ దీవుల్లో చిన్న యాట్ యాత్రకు ఏ నెల, ఏ మార్గం అనుకూలం?

మాది కోనసీమ. కోరింగ మడ అడవుల్లో పక్షులను చూస్తూ పెరిగిన నేనూ, నా భార్యా, ఈక్వెడార్ తీరానికి సుమారు 1,000 కిలోమీటర్ల దూరంలో లావా పొరల నుంచి పుట్టిన గాలాపగోస్ దీవులను 16 మంది ప్రయాణికులు పట్టే చిన్న యాట్‌లో 8 రోజులు తిరిగి చూడాలని నిశ్చయించుకున్నాము.

సందేహమంతా కాలం గురించే. డిసెంబరు నుంచి మే వరకు సముద్రం వెచ్చగా, కొంత శాంతంగా ఉంటుందనీ, జూన్ నుంచి నవంబరు వరకు హంబోల్ట్ అనే చల్లని సముద్ర ప్రవాహం బలపడి అలలు పెరిగినా, ఆ నీటిలో ఆహారం సమృద్ధిగా ఉండడం వల్ల సముద్ర జీవులు చురుకుగా కనిపిస్తాయనీ చదివాను. నా భార్యకు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. అక్కడ దాటేది గోదావరి మాత్రమే! అయితే తాను చూడాలని పట్టుబడుతున్న అల్బట్రాస్ పక్షులు ఎస్పానోలా దీవిలో ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకే ఉంటాయి. నాకేమో పశ్చిమాన ఫెర్నాండినా, ఇసబెలా తీరాల్లో మాత్రమే బతికే, ఎగరలేని కార్మోరెంట్లను (ఒక రకం నీటికాకులను) చూడాలని ఉంది.

రెండు కోరికలూ ఒకే యాత్రలో తీరే మార్గం ఉన్నదా? లేకపోతే మే నెలలో ఎస్పానోలా వైపు వెళ్లడం మేలా? రాత్రిపూట దీవుల మధ్య సాగే ప్రయాణంలో నీటిలో ఒకే అడుగుభాగం ఉండే మామూలు యాట్ కంటే, పక్కపక్కన రెండు అడుగుభాగాలు ఉండే కాటమరాన్ తక్కువగా ఊగుతుందన్న మాట అనుభవంలో నిజమేనా? శాకాహార భోజనం గురించి ముందుగా చెబితే సరిపోతుందా? వెళ్లి వచ్చినవారు దయచేసి తెలియజేయగలరు.