మిల్లు కంప్యూటర్ హ్యాక్ చేసినోళ్లకు శిక్ష మూడేళ్లేనా?

లాయర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి అన్నా. మిర్యాలగూడలో మా మామకు రైస్‌మిల్లు ఉంది. ఆఫీసు కంప్యూటర్‌లో వడ్ల కొనుగోళ్ల లెక్కలన్నీ ఎవరో లాక్ చేసి, తెరవాలంటే డబ్బులు పంపమని స్క్రీన్ మీద మెసేజ్ పెట్టారు. పంపలేదు. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. ఈమధ్య పని మానేసిన ఆపరేటర్ మీద మామకు అనుమానం. నాకు మాత్రం నమ్మకం లేదు, వాడికి ఎక్సెల్ కూడా సరిగ్గా రాదు.

ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అని చదివాను. పైగా 77బి ప్రకారం మూడేళ్ల నేరాలకు బెయిల్ హక్కుగా వస్తుందట. అంతేనా? బెదిరించి డబ్బులు అడిగారు కదా, భారతీయ న్యాయ సంహిత 308 కూడా పెట్టమని అడగొచ్చా? దానికి ఏడేళ్ల దాకా ఉంది. మేం డబ్బు కట్టలేదు కాబట్టి అది వర్తించదా?

ఇంకోటి, నష్టపరిహారం 5 కోట్ల లోపైతే ఐటీ చట్టం 46వ సెక్షన్ కింద అడ్జుడికేటింగ్ ఆఫీసర్ (ఇలాంటి పరిహారం కేసులు తేల్చే అధికారి) దగ్గర వేయొచ్చట. క్రిమినల్ కేసు నడుస్తుండగానే వేయొచ్చా? మన నల్గొండ వైపు ఎవరైనా వేశారా, ఖర్చు ఎంతైంది? మామేమో కంప్యూటర్ ఫార్మాట్ కొట్టిద్దామంటున్నారు, సాక్ష్యం పోతుందని ప్రస్తుతానికి ఆపాను.