హస్క్‌వర్నా టీఈ 300 అసలు హస్క్‌వర్నానేనా, రంగు మార్చిన కేటీఎమ్మా?

చక్రి_ట్రైల్
నా మాట సూటిగా చెప్తున్నా. కొండల్లో, అడవి దారుల్లో నడిపే ఈ టీఈ 300 పేరుకే స్వీడన్ బండి, నిజానికి కేటీఎం బండే. కేటీఎం సొంత మోడల్ 300 ఈఎక్స్‌సీలో ఉన్న 293 సీసీ టూ-స్ట్రోక్ ఇంజనే ఇందులోనూ ఉంది, సిలిండర్ వెడల్పు (బోర్), పిస్టన్ కదిలే దూరం (స్ట్రోక్) రెండింటిలోనూ 72 మి.మీ.లే, తేడా లేదు, రెండూ తయారయ్యేది ఆస్ట్రియాలోని మట్టిగ్‌హోఫెన్‌లోనే. అలాంటప్పుడు "1903 నుంచి మోటార్‌సైకిళ్లు చేస్తున్నాం" అని స్వీడన్ చరిత్ర చూపించి అమ్మడం ఏం న్యాయం?

పాతబండి_రాజన్న
ఆ చరిత్ర ఎటు పోయిందో చూడు తమ్ముడూ. 1689లో స్వీడన్ రాజు కోసం తుపాకులు చేయడానికి పెట్టిన ఫ్యాక్టరీ అది, ఇప్పటికీ బ్యాడ్జి మీద తుపాకీ గురి గుర్తే ఉంటుంది. 1960ల్లో టోర్‌స్టెన్ హాల్‌మన్ వీళ్ల 250 సీసీ బండి మీద నాలుగుసార్లు మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద బండ్ల రేసు) ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, 1966లో అమెరికా వెళ్లి అక్కడివాళ్లకు ఆ ఆటే పరిచయం చేసినంత పని చేశాడు. 1987లో మోటార్‌సైకిళ్ల విభాగాన్ని ఇటలీ కంపెనీ కజీవాకి అమ్మేస్తే, అక్కడికి వెళ్లడం ఇష్టంలేని ఇంజనీర్లు స్వీడన్‌లోనే ఉండి హుసాబెర్గ్ అనే కొత్త బండ్ల కంపెనీ పెట్టారు. 1995లో హుసాబెర్గ్‌ని కేటీఎం కొంది. హస్క్‌వర్నా పేరేమో కజీవా నుంచి బీఎండబ్ల్యూకి, అక్కడి నుంచి 2013లో అప్పటి కేటీఎం అధినేత స్టెఫాన్ పీరర్ చేతికి వచ్చింది, ఆ వెంటనే హుసాబెర్గ్‌ని అందులో కలిపేశారు. అంటే ఊరు వదలని ఆ మనుషుల పని మళ్లీ పాత పేరు కిందికే చేరింది. వట్టి స్టిక్కర్ అనడానికి నాకు మనసొప్పదు.

చక్రి_ట్రైల్
అన్నా, హుసాబెర్గ్ పేరు తెచ్చుకున్నది ఫోర్-స్ట్రోక్‌లతో. వాళ్లు టూ-స్ట్రోక్ అమ్మింది కేటీఎం చేతికి వచ్చిన చాలా ఏళ్లకు, అదీ కేటీఎం ఇంజన్‌తోనే. మనం మాట్లాడుతున్నది టూ-స్ట్రోక్ గురించి కదా. స్పెయిన్ బండ్ల కంపెనీ గ్యాస్‌గ్యాస్‌కీ 2019లో కేటీఎం చేతికి వచ్చాక ఇదే జరిగింది, ఇప్పుడు వాళ్ల ఈసీ 300లోనూ అదే ఇంజన్.

బురద_బాబు
ఇద్దరూ వెనక సస్పెన్షన్‌ని వదిలేశారు. ఈఎక్స్‌సీలో షాక్ అబ్జార్బర్ నేరుగా స్వింగ్‌ఆర్మ్‌కి (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయికి) బిగించి ఉంటుంది, దాన్నే పీడీఎస్ అంటారు. టీఈలో ఆ రెండింటి మధ్యలో లింకేజ్, అంటే బేరింగుల మీద కదిలే చిన్న లివర్ల జత ఉంది. దుంగలు, బండరాళ్లు దాటేటప్పుడు పీడీఎస్ బండికి కింద తగిలే భాగం తక్కువ, శుభ్రం చేసే పనీ తక్కువ. లింకేజ్ బండి గతుకుల దారిలో నేలని వదలకుండా పోతుంది, కానీ బురదలో తిప్పాక ఆ బేరింగులు విప్పి గ్రీజు పెట్టకపోతే తుప్పు పడతాయి. నడిపేవాడికి ఈ తేడా మొదటి కొండ దగ్గరే తెలుస్తుంది. బ్రిటన్ రైడర్ గ్రాహం జార్విస్ 2018, 2019ల్లో ఆస్ట్రియాలో రాళ్ల గని కొండ మీద జరిగే ఎర్జ్‌బర్గ్ రేసు గెలిచింది హస్క్‌వర్నా మీదే, కాబట్టి లింకేజ్ వల్ల రాళ్లలో పనికిరాదు అనేవాళ్ల మాట నేను నమ్మను.

పాతబండి_రాజన్న
బాబు చెప్పింది నిజం. ఇంకో సంగతి, ఇవాళ ఇంత పెద్ద టూ-స్ట్రోక్ బతికి ఉందంటే కారణం పొగ నిబంధనలకు తట్టుకునేలా దాన్ని మార్చడమే. 2018 మోడళ్లతో కార్బ్యురేటర్ తీసేసి ట్రాన్స్‌ఫర్ పోర్టుల్లోకి (సిలిండర్‌లోకి గాలి వెళ్లే దారుల్లోకి) పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ పెట్టారు, ఆయిల్‌కి వేరే ట్యాంకు, పంపు ఇచ్చారు. యెజ్డీ రోజుల్లోలాగా బంకు దగ్గర ఆయిల్ కొలిచి కలిపే పని లేదు, కొండల్లో ఎత్తు మారినప్పుడల్లా కార్బ్యురేటర్‌లో పెట్రోల్ కొలిచే జెట్‌లు మార్చక్కర్లేదు. 2024 మోడళ్లలో ఇంజెక్టర్లని థ్రాటిల్ బాడీలోకి (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగంలోకి) తెచ్చారు. స్వీడన్ కంపెనీ ఒంటరిగా మిగిలి ఉంటే ఇంత ఖర్చు పెట్టగలిగేదా? కేటీఎమ్మే 2024 నవంబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్తే, మన పుణె బజాజ్ డబ్బు పెట్టి నిలబెట్టాల్సి వచ్చింది.

చక్రి_ట్రైల్
ఆ ఇంజెక్షన్ గొప్ప పనే, నేనూ ఒప్పుకుంటా. అందుకే అంటున్నా, చేసింది మట్టిగ్‌హోఫెన్ ఇంజనీర్లు అయినప్పుడు ప్రకటనల్లో వాళ్ల గురించి చెప్పాలి, హాల్‌మన్ పాత ఫోటో కాదు. బండి మాత్రం కొనేవాళ్లు లింకేజ్ కావాలంటే టీఈ, వద్దంటే ఈఎక్స్‌సీ తీసుకోండి. స్వీడన్ పేరు చూసి మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.