డయాలసిస్‌లో ఉన్న నాన్నగారి దిగులుకు సాయం ఎక్కడ దొరుకుతుంది?

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా నాన్నగారికి ఏడాదిగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు డయాలసిస్ జరుగుతోంది. తాగే నీటి కొలత గురించి వైద్యులు శ్రద్ధగా చెబుతున్నారు గానీ, జీడితోటలో రోజంతా పనిచేసిన మనిషి ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటున్నారని, పక్క మంచంలో చికిత్స పొందిన మా ఊరాయన పోయిన నాటి నుంచి 'ఇంక నాకెందుకీ సూదులు' అంటున్నారని చెబితే, నీరసం ఈ జబ్బులో మామూలేనని ఊరుకుంటున్నారు. నీరసానికీ దిగులుకీ తేడా తెలుసుకోవడం కష్టమే, అయినా నాకు భయంగా ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేద్దామంటే ఆయన ఒప్పుకోవడం లేదు. ఇదే దశ దాటిన కుటుంబాలు గానీ, కిడ్నీ రోగులతో పనిచేసిన కౌన్సెలర్లు గానీ ఉంటే, మొదటి మాట ఎలా కదిపారో, మానసిక వైద్యులు రాసిన మందులు కిడ్నీలకు సరిపడతాయో లేదో ఎవరిని అడిగారో దయచేసి చెప్పగలరా?