రెండు నెట్ లైన్లు: లోడు పంచాలా, ఒకటి స్టాండ్‌బైగా ఉంచాలా?

అరండల్‌పేట ఆడిటింగ్:
గుంటూరులో మాది చిన్న టాక్స్ ఆఫీసు, పన్నెండు సిస్టమ్స్. రెండు కంపెనీల ఫైబర్ లైన్లున్నాయి, ఒక్కోటి 100 ఎంబీపీఎస్. ఎవరి రౌటర్ వాళ్లే ఇచ్చారు. 20వ తారీఖు వచ్చిందంటే జీఎస్‌టీ 3బీ రిటర్నుల ఫైలింగులతో మొదటి లైనుకి ఊపిరాడదు, రెండోది ఊరికే పడుంటుంది. రెండు రౌటర్లూ ఒకే స్విచ్‌కి పెడితే లోడు పంచుకుంటాయా? మా పార్ట్‌నర్ మాత్రం రెండోది బ్యాకప్‌కే ఉండనీ అంటున్నాడు.

కృష్ణలంక:
ఊరికే గుచ్చితే పంచుకోవండీ. రెండూ డీహెచ్‌సీపీ ఇస్తాయి, అంటే సిస్టమ్స్‌కి ఐపీ అడ్రసులు వాటంతటవే పంచుతాయి. ఏది ముందు జవాబిస్తే సిస్టమ్ దాని గేట్‌వేనే (నెట్‌కి దారిచ్చే రౌటర్ అడ్రసు) పట్టుకుంటుంది. రెండూ 192.168.1.1 మీదుంటే ఇంకో గొడవ. ఒకదానికి 192.168.1.2 (పొట్టిగా 1.2) ఇచ్చి దాని డీహెచ్‌సీపీ ఆపేయండి. ఆరు సిస్టమ్స్‌లో గేట్‌వే 1.2 అని చేత్తో కొట్టండి. పైసా ఖర్చు లేదు.

బ్రాడీపేట 4వ లైను:
దీన్ని లోడ్ బ్యాలెన్సింగ్ అంటారా గురూ? ఒక లైను పోతే సగం ఆఫీసు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. డ్యూయల్ వాన్ రౌటర్ కొని రెండు లైన్లూ దానికే ఇవ్వండి. కాకపోతే 100, 100 కలిసి 200 అయిపోతుందనుకోవద్దు, ఒక కనెక్షన్ (అంటే ఒక డౌన్‌లోడ్ లాంటిది) ఒక లైను మీదే నడుస్తుంది. ప్యాకెట్‌కో (డేటా ముక్కకో) లైను మారిస్తే బయటికి రెండు ఐపీలు కనిపిస్తాయి, అవతలి సర్వర్ అవి ఒకే కనెక్షన్‌వని ఒప్పుకోదు. కనెక్షన్ల వారీగా పంచినా కొన్ని బ్యాంకు సైట్లు ఐపీ మారిందని మధ్యలో లాగౌట్ చేసేస్తాయి. అందుకే ఏ సిస్టమ్‌కి ఏ లైనో దానికే అతుక్కునేలా సెట్ చేయాలి.

కృష్ణలంక:
అంటే సగం ఇటు, సగం అటు. నేను చెప్పిందే కదా, మీరు బాక్సు కొనిపించి చెప్పారు! ఆ బాక్సు కాలిపోతే రెండు లైన్లుండీ ఆఫీసు బంద్.

బ్రాడీపేట 4వ లైను:
మరి 20న రాత్రి లైను పోతే ఆరు సిస్టమ్స్‌కీ గేట్‌వే మార్చేదెవరు? మీరొస్తారా కృష్ణలంక నుంచి?

పటమట:
ఇద్దరి బాధా తీరాలంటే వీఆర్‌ఆర్‌పీ (ఒక రౌటర్ పోతే ఇంకోటి దాని పని అందుకునే పద్ధతి) ఉన్న రౌటర్లు రెండు కావాలి. రెండింటికీ కలిపి ఒక ఉమ్మడి ఐపీ, సిస్టమ్స్‌కి అదే గేట్‌వే. మాస్టర్, అంటే అప్పటికి ఆ ఐపీ పట్టుకున్న రౌటర్, సెకనుకోసారి ‘ఉన్నాను’ అని చెబుతుంటుంది, మూడు సెకన్ల పైచిలుకు మాట వినపడకపోతే రెండోది ఆ ఐపీ తీసేసుకుంటుంది. లోడు పంచాలంటే రెండు గ్రూపులు (ఉమ్మడి ఐపీలు రెండు) పెట్టి, ఒకదానికి ఇది మాస్టర్, ఇంకోదానికి అది. కంపెనీలు ఇచ్చే రౌటర్లలో ఇది మామూలుగా ఉండదు. ఇంకో తిరకాసుంది. రౌటర్ బతికుండి వీధిలో ఫైబర్ తెగితే ఇది దానంతటది కనిపెట్టదు. బయటి ఐపీకి పింగ్ (‘ఉన్నావా’ అని పలకరింపు) పెట్టి, జవాబు ఆగితే మాస్టర్‌గా ఉండే ప్రయారిటీ తగ్గేలా చూడాలి. డ్యూయల్ వాన్ బాక్సుకైనా అంతే. పింగ్ ఇంట్లో ఉన్న ఓఎన్‌టీకి (ఫైబర్ వచ్చి చేరే డబ్బాకి) పెట్టి లైను బాగుందనుకునేవాళ్లు బోలెడుమంది.

సింగ్‌నగర్:
అసలు రెండు వైర్లూ ఒకే స్తంభం మీంచి వస్తున్నాయేమో చూశారా? లారీ తగిలిందంటే రెండూ ఒకేసారి పోతాయి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మాకు కరెంటే లేదు, ఫైబర్ లైన్లు రెండుంటే ఏం, పదుంటే ఏం. ఒకటి తీసేసి 5జీ సిమ్ పెట్టుకోండి. మీ పార్ట్‌నర్ చెప్పేదే కరెక్టు, రెండోది బ్యాకప్‌కే.

అరండల్‌పేట ఆడిటింగ్:
బాల్కనీలోకెళ్లి చూశా. రెండూ ఒకే స్తంభం, ఒకే క్లాంపు! 5జీ మాట ఆలోచిస్తా. కానీ నెలనెలా బిల్లు కట్టేదాన్ని వాడకుండా ఉంచమంటే మాత్రం ఒప్పుకోను. ఈ 20కి కృష్ణలంక గారి పద్ధతే. ప్రింటరుకి ఏ గేట్‌వే ఇవ్వాలి?

కృష్ణలంక:
ఏదిచ్చినా ఒకటే, అన్నీ ఒకే నెట్‌వర్కు కాబట్టి ప్రింట్లకి గేట్‌వేతో పనిలేదు. 1.2నీ, చేత్తో కొట్టిన ఐపీలనీ డీహెచ్‌సీపీ పూల్‌లోంచి (అది పంచే ఐపీల జాబితాలోంచి) తప్పించండి, లేకపోతే సరిగ్గా 20నే ఐపీ క్లాష్ వస్తుంది.