మేడ మీది నుంచి వదిలిన రెండు బంతులు ఒకేసారి నేలను ఎందుకు తాకలేదు?

ప్రశ్న:
నమస్కారం. వస్తువుల బరువు ఎంతైనా అన్నీ ఒకే త్వరణంతో పడతాయని తొమ్మిదో తరగతి పాఠంలో చదివిన మా అమ్మాయి, క్రికెట్ బంతిని, టెన్నిస్ బంతిని భుజం ఎత్తు నుంచి ఒకేసారి వదిలి చూసింది. రెండింటి చప్పుడూ ఒక్కటిగానే వినిపించింది. ఆదివారం అదే పని మేడ మీది నుంచి, అంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి చేస్తే, నేను కింద నిలబడి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. క్రికెట్ బంతి నేలను తాకేసరికి టెన్నిస్ బంతి ఇంకా మూరెడు ఎత్తున ఉంది. "పాఠం తప్పా నాన్నా?" అని అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. మేము వదిలిన తీరులో లోపం ఉందా, లేక ద్రవ్యరాశికి నిజంగానే పాత్ర ఉందా?

సమాధానం 1:
పాఠమూ తప్పు కాదు, మీ వీడియో కూడా తప్పు కాదు. క్రికెట్ బంతి సుమారు 160 గ్రాములు, టెన్నిస్ బంతి సుమారు 58 గ్రాములు ఉంటాయి. భూమి మొదటిదాన్ని దాదాపు మూడు రెట్లు ఎక్కువ బలంతో లాగుతుంది కానీ, దాని జడత్వం కూడా అన్ని రెట్లే ఎక్కువ కాబట్టి లాభనష్టాలు చెల్లుకు చెల్లు అయిపోతాయి. గాలి నిరోధం అలా కాదు. అది బంతి పరిమాణాన్ని, ఉపరితలాన్ని, వేగాన్ని బట్టి ఉంటుందే తప్ప లోపలి ద్రవ్యరాశిని బట్టి ఉండదు. వేగం రెట్టింపైతే నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది కనుక భుజం ఎత్తు నుంచి తెలియని తేడా మేడ మీది నుంచి తెలిసింది. నేను లెక్క వేసి చూశాను: నేలను తాకే ముందు టెన్నిస్ బంతిపై నిరోధం దాని బరువులో సుమారు మూడో వంతు, క్రికెట్ బంతిపై ఎనిమిదో వంతు వచ్చింది. మీరు చూసిన మూరెడు ఎడం దీనికి చక్కగా సరిపోతుంది. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రుడిపై సుత్తిని, డేగ ఈకను ఒకేసారి వదిలినప్పుడు అవి కలిసే పడ్డాయి.

ఒక్క మనవి. ఆ ఎత్తు నుంచి పడే క్రికెట్ బంతి గంటకు 48 కిలోమీటర్ల వేగం దాకా అందుకుంటుంది. దయచేసి కింద ఎవరూ లేకుండా చూసుకోండి.

సమాధానం 2:
పడే వస్తువుల సంగతి పైన చెప్పారు కాబట్టి, ద్రవ్యరాశి పాత్ర గురించి మరో ప్రయోగం చెబుతాను. దొర్లే వస్తువుల్లో ద్రవ్యరాశి ఎంత అన్నదానికంటే అది ఎలా తిరుగుతుందన్నది ముఖ్యం. ఒకే రకం సీసాలు రెండు తీసుకుని, రెండింటిలోనూ ముప్పాతిక దాకా సమానంగా నీళ్లు పోసి, ఒకదాన్ని నిలువుగా ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, వాలుగా పెట్టిన పీట మీది నుంచి రెండింటినీ అడ్డంగా పడుకోబెట్టి దొర్లేలా ఒకేసారి వదలమనండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. సీసాల ప్రయోగం ఈరోజు నాలుగుసార్లు చేశాం. నాలుగుసార్లూ నీళ్ల సీసాయే ముందు చేరింది. రెండోది గడ్డను కూడా తనతోపాటు తిప్పుకోవాలి కాబట్టి వెనకబడిందని, నీళ్లకు ఆ అవసరం లేదని అమ్మాయి తనంతట తానే చెప్పింది.