నిజాం కాలపు మున్సిఫ్ కోర్టు: సిమెంటు గిలాబు ఎందుకు ఊడుతోంది?

కోటగడ్డ:
హైదరాబాద్‌కు రెండు గంటల దూరంలో పాత తాలూకా కోర్టు. రెండడుగుల మందం రాతి గోడలు, డంగు సున్నం కట్టుబడి, ముందు కమానుల వరండా. సిమెంటు గిలాబు (గోడ పూత, ప్లాస్టరింగ్) నేల నుంచి మూడడుగుల దాకా ఉబ్బి పెచ్చులూడుతోంది, వెనక తెల్లపొడి. మొత్తం గీకేసి మన హైకోర్టులా రాయి కనపడేటట్టు వదిలేద్దామంటున్నారు. మంచిదేనా?

గచ్చుపని:
ఆ పొడి చవుడు, అంటే గోడలో పేరుకున్న ఉప్పు. పాత గోడల పునాదిలో తేమను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు ఉప్పును మోసుకుని పైకెక్కుతుంది. సున్నపు గిలాబయితే ఆ తడి బయటికి ఆరిపోతుంది. సిమెంటు దారి మూసేస్తే ఉప్పు లోపలే గడ్డకట్టి గిలాబును నెట్టేస్తుంది. మళ్లీ సిమెంటే కొడితే చవుడు ఇంకో రెండడుగులు పైకి పోతుంది.

ముందు నీళ్ల సంగతి చూడండి అన్నా. గోడ చుట్టూ నేల బయటికి వాలుగా ఉండాలి, కప్పు నీళ్లు గోడ మొదట్లో పడకూడదు. గిలాబును ఉలితోనే తీయించండి. బ్రేకర్ పెడితే దర్జలు (రాళ్ల మధ్య అతుకులు) కదిలిపోతాయి.

మూసీగట్టు:
రాయి మాత్రం బయట పెట్టొద్దు. హైకోర్టు రాయి చూపించడానికే చెక్కింది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని మళ్లీ తీర్చిదిద్దిన రోజుల్లో, 1915లో పని మొదలై 1919కి ముగిసింది. 1920 ఏప్రిల్ 20న ఏడో నిజాం ప్రారంభించారు. గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి, సన్నటి దర్జలు. మీది గుండురాయి గోడ: వంకరటింకర రాళ్లు, మధ్య సందుల్లో చిన్న పెచ్చులు, రెండు వేళ్ల వెడల్పు దర్జలు. గిలాబు లేకపోతే వాన ఆ సున్నాన్ని తోడేస్తుంది. ఇలాంటి చిన్న కోర్టుకు అందం తెల్ల సున్నంలోనే ఉంది, కమానుల నీడ దానిమీదే తేటగా పడుతుంది.

కోటగడ్డ:
సరే, మాలు ఎట్లా కలపాలి?

గచ్చుపని:
సున్నాన్ని కనీసం రెండు వారాలు నీళ్లలో నాననిచ్చి జల్లించండి. సున్నం 1, సుర్ఖీ (ఇటుక పొడి) 1, ముతక ఇసుక 2 పాళ్లు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలపొచ్చు, కానీ బెల్లం ఎక్కువైతే గట్టిపడదు. దర్జలు అంగుళం లోతు తోడి, గోడను ఒక ఎండాకాలం ఆరనిచ్చి, చవుడును పొడి బ్రష్షుతో దులపండి. కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత గోడను తడిపి, ఒక్కో పూత 10-12 మిల్లీమీటర్లకు మించకుండా వేయండి. వారం పది రోజులు తడి గోనెపట్టాలు కప్పాలి, లేకపోతే నెర్రెలిస్తుంది. పైన సున్నమే కొట్టించండి. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే తేమకు దారి మళ్లీ మూసుకుపోతుంది.