జిమ్ స్టైన్స్ కెరీర్ నుంచి మన పొడుగు పిల్లలకు ఏం నేర్పొచ్చు?

పాలమూరు పీఈటీ:
వాలీబాల్ ఆడే పొడుగు పిల్లలకు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ పరిచయం చేద్దామనుకుంటున్న. ఉదాహరణకు జిమ్ స్టైన్స్‌ను తీసుకున్న. డబ్లిన్‌ల గేలిక్ ఫుట్‌బాల్ ఆడిన పిలగాడు, 1984ల 18 ఏండ్లకు మెల్‌బోర్న్ క్లబ్‌కు పోయి, 1991ల లీగ్‌ల ఉత్తమ ఆటగానికి ఇచ్చే బ్రౌన్‌లో పతకం కొట్టిండు. గుండ్రని బంతి అలవాటైన కాలు కోల బంతికి ఎట్ల మారుతది? రక్‌మన్ పనేంది? 1987 ప్రిలిమినరీ ఫైనల్‌ల (సెమీఫైనల్ లెక్క) ఆయన చేసిన తప్పు అసలేంది? మాది మొరం గ్రౌండు, ఉన్నది ఒక్క రగ్బీ బంతి.

మూసీ గట్టు:
సార్, గుండ్రని బంతి చేతిల నుంచి ఎట్ల జారినా కాలికి ఒకే తీరు తగులుతది. కోల బంతి అట్ల కాదు, తగిలే టైముకు కింది మొన నేల దిక్కు ఉండాలె. అందుకే గేలిక్ నుంచి వచ్చినోళ్లకు కష్టమంతా బంతి వదులుట్లనే.

డ్రాప్ పంట్, అంటే చేతిల నుంచి బంతి వదిలి నేల తగలకముందే తన్నుడు, ఇట్ల నేర్పుండ్రి. బంతి నిలువుగా, రెండు పక్కల వేళ్లు చాపి పట్టుకోవాలె, కుట్లు ముందటికి. తన్నే కాలి తొడకు సూటిగ, నడుం ఎత్తు నుంచి, ఆ వైపు చేత్తోనే వదలాలె. పైకి ఎగరేస్తే పని చెడ్డట్టే. మోకాలి కిందికి దిగినంక, చీలమండ బిగబట్టి, బూటు లేసులు కట్టే చోటుతోని కింది మొన మీద కొట్టాలె. సరిగ్గ తగిలితే బంతి వెనక్కి తిరుగుకుంట సూటిగ పోతది. అడ్డంగ గింగిరాలు కొడుతుందంటే చేయి వంకరగ వదిలినట్టు. కుడికాలి పిలగాని బంతి ఎప్పుడూ ఎడమకే పోతుంటే కాలు ఒంటికి అడ్డంగ ఊగుతున్నట్టు. మొదట 10 మీటర్లు, కుదిరినంక 15 దాటించుండ్రి. తన్నిన బంతి 15 మీటర్లు పోతేనే పట్టుకున్నోనికి మార్క్ (అడ్డం లేకుండ తన్నే హక్కు) ఇస్తరు.

రగ్బీ బంతి అడ్డం చుట్టుకొలత 580–620 మి.మీ., ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్) బంతిది 545–555. కొంచెం లావు, చిన్న చేతులకు పట్టు దొరకదు, కానీ వదులుడు నేర్పనీకి సరిపోతది. అసలు బంతి దొరికితే గాలి 9–11 పౌండ్లు చాలు. మొరం మీద టాకిల్ మాత్రం వద్దే వద్దు.

దేవరకొండ రోడ్డు:
స్టైన్స్ కాలంల ప్రతి గోల్ తర్వాత అంపైర్ సెంటర్ల బంతిని నేలకేసి కొట్టి లేపేటోడు. ఇద్దరు రక్‌మన్లు ఎగిరి, తమ మిడ్‌ఫీల్డర్ దిక్కు అరచేత్తో తట్టుతరు. మీ వాలీబాల్ బ్లాకర్ రెండు కాళ్ల మీద నిటారుగ లేస్తడు. రక్‌మన్ ఉరికొచ్చి ఒంటికాలి మీద లేస్తడు. ఎత్తిన మోకాళ్లు గుద్దుకొని లోపలి వెనక లిగమెంట్ తెగుతుంటే, 2005ల 10 మీటర్ల వలయం గీసి ఉరికే దూరం తగ్గించిండ్రు. పిల్లలకైతే బంతి పైకి విసరుండ్రి, ఒక్క అడుగుతోనే ఎగరాలని చెప్పుండ్రి.

199 సెం.మీ. ఎత్తు వేరేటోళ్లకు కూడా ఉంటది. తట్టినంక ఆగకుండ మిడ్‌ఫీల్డర్ లెక్క గ్రౌండంతా ఉరుకుడే స్టైన్స్ బలం.

ఇగ 1987. మెల్‌బోర్న్ 4 పాయింట్లు ముందుంది. ఆఖరి క్షణాలల్ల హాథార్న్ ఆటగాడు గ్యారీ బకెనారాకు దాదాపు 55 మీటర్ల దూరంల ఫ్రీకిక్ వచ్చింది. తన్నేటోనికి, మార్క్ మీద (ఫ్రీకిక్ ఇచ్చిన చోట) నిలబడ్డ మెల్‌బోర్న్ ఆటగానికి నడుమ నుంచి స్టైన్స్ అడ్డంగ ఉరికిండు. 15 మీటర్ల జరిమానా పడ్డది. 55 కాస్త 40 అయ్యేసరికి, ఆట అయిపోయిన సైరన్ మోగినంక కూడ బకెనారా గోల్ కొట్టిండు. స్కోరు 80–78. మరుసటేడే ఆ జరిమానా 50 మీటర్లు చేసిండ్రు. ప్రాక్టీసుల మార్క్ దగ్గర ఒక కోన్ పెట్టుండ్రి, దాని వెనక నుంచే తిరిగి పోవుడు అలవాటు చెయ్యుండ్రి.

రామగిరి రీడర్:
పిల్లలకు బ్రౌన్‌లో ఒక్కటే చూపిస్తే సగం కథే చెప్పినట్టు. అది ప్రతి మ్యాచ్ తర్వాత అంపైర్లు ఇచ్చే 3, 2, 1 ఓట్ల మొత్తం. నాకైతే అంతకన్నా గట్టి లెక్క 244 వరుస మ్యాచ్‌లు. అంతకుముందు జాక్ టైటస్‌ది 202. మొత్తం 264 మ్యాచ్‌లు, 130 గోల్స్. క్లబ్ ఉత్తమ ఆటగాడిగా 1991లో ఒకసారి, మళ్లీ 1995, 96, 97లో వరుసగా మూడుసార్లు. ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) మాత్రం లేదు, 1988 గ్రాండ్ ఫైనల్‌లో 96 పాయింట్ల తేడాతో ఓడారు. ఇంకోటి, వచ్చింది 1984లో, క్లబ్ సీనియర్ జట్టులో ఆడింది 1987లో. నడుమ అండర్-19, ఆ తర్వాత ప్రహ్రాన్ అనే కింది లీగ్ జట్టు. తొందరపడే తల్లిదండ్రులుంటే ఈ మూడేళ్ల సంగతి చూపించండి.

పాలమూరు పీఈటీ:
మంచిది. గోల్ పోస్టులు ఎట్ల? జట్టుకు 18 మంది నా దగ్గర లేరు.

దేవరకొండ రోడ్డు:
9 మంది చొప్పున ఆడించుండ్రి, సరిపోతది. ఒక్కో దిక్కు నాలుగు వెదురు బొంగులు, ఒక్కోదానికి నడుమ 6.4 మీటర్లు, నడుమ రెండు పొడుగువి. వాటి నడుమ తన్నితే 6, పక్క సందుల పోతే 1.